లక్షన్నరలో గురి రైఫిల్ ఎట్ల కూర్చుకోవాలి

అడిగింది ఇది: నల్లగొండ పక్కన ఊరు, చేతిలో లక్షన్నర, ఇంటి వెనక రెండెకరాల చెలక. విడి భాగాలు తెప్పించి, బ్యారెల్ లేత్ మీద తీయించి, ఐదారు వందల మీటర్లు గురి తప్పకుండా కొట్టే రైఫిల్ సొంతంగా తయారు చేసుకోవచ్చా అని.

తమ్మీ, కుదరనిది ముందు చెప్పేస్తా. మందుగుండుతో పేలే తుపాకీని ఇంట్లో తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ కింద నేరం. కొనుక్కోవడానికి లైసెన్సు ఉన్నవాడికి కూడా తయారు చేసే హక్కు రాదు, దానికి లైసెన్సు వేరే. ఆ చట్టం దృష్టిలో ఆయుధం అంటే పూర్తి తుపాకీ ఒక్కటే కాదు, దాని విడి భాగాలు, తయారు చేసే యంత్రాలు కూడా. అంటే బ్యారెల్ తీసిచ్చిన లేత్ దుకాణం ఆయన కూడా నీతోపాటే ఇరుక్కుంటాడు. పైగా రెండెకరాల చెలకలో పేల్చిన తూటా గట్టు దగ్గర ఆగదు. కిలోమీటర్లు పోతుంది, అవతల పత్తి ఏరేవాళ్లు ఉంటారు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలెయ్.

కుదిరేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 4.5 మి.మీ. బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం), 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు ఇచ్చి బిల్లు తీసుకుంటే చాలు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారం, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే.

పది మీటర్లేనా అని తీసిపారేయకు. టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఛర్రా, అంటే ఈ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు, దాని అంచు ఆ చుక్కను తాకితే పది వస్తుంది. అంటే ఛర్రా మధ్యభాగం టార్గెట్ మధ్య నుంచి 2.5 మి.మీ. లోపల పడాలి. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకు 0.1 చొప్పున పెరుగుతూ 10.9 దాకా పోతుంది. 300 మీటర్ల పెద్ద రైఫిల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 100 మి.మీ. కోణం లెక్క వేస్తే పది మీటర్ల దగ్గర దానికి సమానమైన తావు మధ్య నుంచి 1.7 మి.మీ. లోపలే. అంటే 10.3 దగ్గర. దూరం ముప్పై వంతులు తగ్గినా గురి అంత సులువేమీ కాలేదు. గాలి ఇబ్బంది మాత్రం తగ్గింది.

డబ్బు లెక్క చూద్దాం. కొత్త జర్మన్ మ్యాచ్ రైఫిల్ లక్షన్నరలో రాదు, దాని వెనక తిరగకు. వందలో అరవై వంతులు, అంటే తొంభై వేలు, వాడిన రైఫిల్‌కు పెట్టుకో. పదిహేను వంతులు జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లౌజుకు. ఇంకో పదిహేను ఛర్రాలకు. మిగతా పది గాలి పంపుకు, ఇంట్లో రేంజ్‌కు. చాలామంది ఉన్నదంతా రైఫిల్‌కే పోసి, ఛర్రాలు కొనలేక మూడో నెలకే దాన్ని అటక మీద పెడతారు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 60 షాట్లు, ఏడాదికి 50 వారాలు అనుకుంటే 12,000 ఛర్రాలు. 500ల డబ్బాలు 24. మొదటి ఏడాది ఇందులో సగం కాల్చినా, ఖర్చు ఎటు పోతుందో తెలిసిపోతుంది కదా.

రైఫిల్ రకాల్లో స్ప్రింగు పిస్టన్ రైఫిల్ అన్నిటికన్నా చవక. కానీ ఛర్రా బ్యారెల్ దాటేలోపే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, రైఫిల్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. పట్టు కొంచెం మారితే ఛర్రా వేరేచోట పడుతుంది. ఓపెన్ సైట్ పోటీలకు, మొదటి ఆర్నెల్ల సాధనకు సరిపోతుంది. పాత ఫైన్‌వర్క్‌బావ్ 300 ఎస్ కూడా స్ప్రింగు రైఫిలే. అయితే పేలినప్పుడు బ్యారెల్, యాక్షన్ (కాల్చే యంత్రభాగం) కలిసి పట్టాల మీద వెనక్కి జారతాయి కాబట్టి భుజానికి కుదుపు తెలియదు. మంచిది దొరికితే వదలొద్దు, కానీ లోపలి రబ్బరు భాగాలు ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడి అవుతాయి, మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకో. పక్క లివరు ఒక్కసారి లాగితే గాలి నిండే 600 వరుస రైఫిళ్లకు పంపూ సిలిండరూ అక్కర్లేదు, అది పెద్ద ఆదా. ఇక ముందే గాలి కుక్కి నింపిన సిలిండరుతో నడిచే పీసీపీ రకంలో ఫైన్‌వర్క్‌బావ్ 700, వాల్టర్ ఎల్‌జీ 300, అన్షుట్జ్ 8002, స్టెయర్ ఎల్‌జీ 110 లాంటి పాత మోడళ్లు చేతులు మారుతూ ఉంటాయి. వీటిలో ఏదైనా నీకన్నా బాగానే కాలుస్తుంది. పేరు చూసి కాదు, ఉన్న స్థితి చూసి కొను.

వాడిన రైఫిల్ చూసేటప్పుడు మొదట సిలిండరు మీది తేదీ చదువు. పోటీ నిబంధనల ప్రకారం సిలిండరు ఆయుష్షు గరిష్ఠంగా పదేళ్లు. తేదీ దాటినదైతే కొత్త సిలిండరు ధర బేరంలో నుంచి తీసెయ్. తర్వాత నింపి రాత్రంతా ఉంచి గేజీ చూడమను. పొద్దున్నకు ముల్లు కదిలిందంటే సీలు పోయినట్టే. లీకు ఎక్కడో తెలియాలంటే కలిసేచోట్ల సబ్బు నురగ వేలితో రాసి బుడగ కోసం చూడు, నీళ్లలో ముంచకు. బ్యారెల్ మూతి దగ్గర లోపలి అంచు చుట్టూ దూది పుల్ల తిప్పు. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గాటు ఉంది. ఆ గాటు గాలిని ఒక పక్కకు ముందు వదులుతుంది, ఛర్రా తోక ఊగుతుంది, గుంపు (షాట్లు పడ్డ బొక్కల సమూహం) ఎప్పటికీ చిన్నది కాదు. చివరగా వెనక సైటుకు చదరం పరీక్ష పెట్టు. మూడు షాట్లు కాల్చి, పది క్లిక్కులు పైకి, పది కుడికి, పది కిందికి, పది ఎడమకు తిప్పుతూ ఒక్కో మూలలో మూడేసి కాల్చు. చివరి మూడు మొదటి బొక్కల మీదికే రావాలి. రాకపోతే సైటు స్క్రూ అరిగింది. సైటు విడిగా కొనాల్సి వస్తే బడ్జెట్ తలకిందులవుతుంది.

గాలి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఈ సిలిండర్లకు 200 బార్ ఒత్తిడి కావాలి, కొన్నింటికి 300 దాకా. పంక్చరు దుకాణం కంప్రెసరు ఇచ్చేది పది బార్ లోపే, దానితో పని జరగదు. వెల్డింగు దుకాణంలో, ఆసుపత్రిలో ఉండే ఆక్సిజన్ సిలిండరుతో నింపుదామని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు చుక్క నూనెగానీ, గ్రీజుగానీ తగిలితే మంట అంటుకుని పేలుతుంది. గాలితో నింపినా సరే, వాల్వు దగ్గర ఇంజను ఆయిలు, కుట్టుమిషను ఆయిలు వేయకూడదు. సీళ్లకు సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ వేలికి అంటీ అంటనంత.

మూడు దశల చేతి పంపు నీ బడ్జెట్‌కు సరిపోతుంది. నలభై, యాభై దెబ్బలు కొట్టి పంపు చల్లారేదాకా ఆగు, మళ్లీ కొట్టు. ఆపకుండా కొడితే లోపలి ఓ రింగులు కాలిపోతాయి. గాలి కుదించుకున్నప్పుడు అందులోని తేమ నీరవుతుంది కాబట్టి, ఆగినప్పుడల్లా పంపు కింది స్క్రూ వదిలి ఆ నీటిని పోనివ్వాలి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. తొందరగా నింపిన సిలిండరు వేడెక్కి 200 చూపిస్తుంది, చల్లారితే 185కు దిగుతుంది, అది లీకు కాదు. సిలిండరును పూర్తిగా ఖాళీగా దాచకు, లోపల కాస్త ఒత్తిడి ఉంటేనే సీళ్లు కూర్చుని ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కారులో మాత్రం వదిలి వెళ్లకు.

ఇక అసలు పని. నువ్వు అడిగిన "సొంతంగా కూర్చుకోవడం" ఇక్కడే ఉంది, ఇది చట్టం ఒప్పుకునేదే. రెడీమేడ్ చొక్కా వేరు, టైలరు దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా వేరు. తొంభై వేల రైఫిల్ ఒంటికి సరిగ్గా కూర్చుంటే, ఒంటికి కూర్చోని మూడు లక్షల రైఫిల్ కంటే ఎక్కువ పాయింట్లు ఇస్తుంది. దీనికి రెండు వారాలు తీసుకో. ఒక్కసారి ఒక్కటే మార్చు, మార్చిన కొలత నోటుబుక్కులో రాసుకో. రాయకపోతే మూడో రోజుకు ఎక్కడ మొదలుపెట్టావో నీకే గుర్తుండదు.

నిలబడే తీరుతో మొదలుపెట్టు. కుడిచేతి వాటమైతే ఎడమ పక్క టార్గెట్ వైపు ఉండాలి. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, రైఫిల్ బరువు ముంజేతి ఎముక గుండా నిటారుగా తుంటికి దిగాలి. కండ మోస్తే పదో షాట్‌కే వణుకు మొదలవుతుంది, ఎముక మోస్తే అరవై షాట్లూ ఒక్కతీరుగా పోతాయి. టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పొడుగు మనిషికి రైఫిల్ పైకి చూస్తుంది, పొట్టి మనిషికి కిందికి. దాన్ని నడుము వంచి సరిచేయకు. ఎడమ చేతిని పిడికిలి చేసి పెట్టడం, వేళ్లు విప్పి పెట్టడం, స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే చెక్క భాగం) కింద చెక్కముక్క పెంచడం, బట్ ప్లేటు (భుజానికి ఆనే పలక) పైకీ కిందికీ జరపడం, వీటితోనే సరిచెయ్.

ట్రిగ్గరు చేయి తర్వాత. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గరు మీద పడాలి, వేలు నేరుగా వెనక్కి కదలాలి. పక్క నుంచి తోస్తున్నట్టుంటే ట్రిగ్గరు బ్లేడును ముందుకో వెనక్కో జరుపు. స్టాక్ పొడవు మరీ ఎక్కువైతే తల ముందుకు సాగుతుంది, మెడ పట్టేస్తుంది. తక్కువైతే ముక్కు సైటుకు తగులుతుంది.

చెంప చెక్క అన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. కళ్లు మూసుకో, తల నిటారుగా ఉంచి, రైఫిల్‌ను తల దగ్గరకు తెచ్చుకో (తలను రైఫిల్ దగ్గరకు తీసుకుపోకు), చెంప బరువు వదిలెయ్, ఇప్పుడు కన్ను తెరువు. వెనక సైటు కంతలో ముందు సైటు గొట్టం నడిమధ్యన గుండ్రంగా కనపడాలి, చుట్టూ సమానమైన వెలుతురు అంచు ఉండాలి. పక్కకు జరిగి కనపడితే చెంప చెక్కే జరగాలి, నీ మెడ కాదు. పాత రైఫిళ్లకు చెంప చెక్క సర్దుబాటు ఉండకపోతే అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి టేపు చుట్టి వారం రోజులు కాల్చి చూడు. ఎత్తు తేలాక ఆ కొలతకు వడ్రంగి దగ్గర టేకు ముక్క చేయించుకో. స్పాంజి మాత్రం పెట్టొద్దు. చెమట తగిలితే ఒక తీరుగా, ఎండితే ఒక తీరుగా కుంగుతుంది, రోజూ కన్ను వేరే ఎత్తులో ఉంటుంది.

అంతా అమరాక సహజ గురి చూసుకో. గురి పట్టి, కళ్లు మూసి, రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, తెరిచి చూడు. ముందు సైటులోని రింగు టార్గెట్‌కు కుడివైపో ఎడమవైపో పోయి ఉంటే చేతులతో లాగకు, వెనక పాదం వేలెడు జరుపు. పైకో కిందికో పోయి ఉంటే బట్ ప్లేటు సరిచెయ్. చేత్తో లాగి కొట్టిన షాట్ ట్రిగ్గరు వదలగానే తన సహజ చోటికే పారిపోతుంది. తొమ్మిదులు ఒకే పక్క పడుతున్నవాళ్లలో ఎక్కువమంది జబ్బు ఇదే, సైటు క్లిక్కులతో ఇది నయం కాదు.

రైఫిల్ బరువు మొత్తం 5.5 కిలోలు మించకూడదు. ముందువైపు బరువు పెడితే ఊగడం నెమ్మదిస్తుంది, నిజమే, కానీ నడుము తయారుకాని కొత్తవాడు మొదటి ఏడాది ఐదు కిలోల లోపే ఉండటం మంచిది. స్టాక్‌కు ఏం చేర్చినా ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) కొలతల పట్టికతో సరిచూసుకో. పోటీ రోజు పరికరాల తనిఖీలో ఆపేస్తే అక్కడ వడ్రంగి దొరకడు.

స్టాక్‌ను యాక్షన్‌కు బిగించే స్క్రూలు రెండూ ఎప్పుడూ ఒకే బిగువులో ఉండాలి. బిగించాక స్క్రూ తల మీద నుంచి పక్క లోహం మీదికి గోళ్ల రంగుతో సన్నగా ఒక గీత గీయి. గీత తెగి కనపడితే వదులైనట్టు. ఉన్నట్టుండి గుంపు పక్కకు జరిగితే సైటు ముట్టుకునే ముందు ఈ గీత చూడు.

ట్రిగ్గరు రెండు అంచెలది కావాలి. మొదటి అంచెలో బరువులో సగానికి పైగా వేలు మీదికి వచ్చేయాలి, రెండో అంచె చిన్న గోడలా తగలాలి, తర్వాత గాజు విరిగినట్టు వదలాలి. మ్యాచ్ ట్రిగ్గరును వంద గ్రాముల దగ్గరకు దించుకోవచ్చు, కానీ కొత్తలో 150 గ్రాముల దగ్గర ఉంచు. వేలు చలికి మొద్దుబారినప్పుడు, గుండె దడగా ఉన్నప్పుడు మరీ తేలిక ట్రిగ్గరు నువ్వు అనుకోకముందే వదిలేస్తుంది. చవక స్ప్రింగు రైఫిల్ ట్రిగ్గరు బరువుగా ఉందని లోపలి కొక్కేన్ని ఆకురాయితో అరగదీసేవాళ్లు ఉన్నారు. ఆ కొక్కేనికి పైపొర మాత్రమే గట్టిది. అది అరిగాక మెత్తటి ఇనుము బయటపడి, రైఫిల్ నేలకు తట్టినా పేలే స్థితికి వస్తుంది. ఇచ్చిన స్క్రూతో ఎంత తగ్గితే అంతే.

సైట్లలో అద్దాల టెలిస్కోపు ఈ ఆటలో పనికిరాదు, కంత సైటే. ముందు సైటులో పెట్టే రింగు సైజు విషయంలో అందరూ చేసే తప్పు, చిన్న రింగయితే గురి బాగుంటుందనుకోవడం. టార్గెట్ నల్లభాగం 30.5 మి.మీ. కన్ను నుంచి ముందు సైటు సుమారు 95 సెం.మీ. ఉంటే ఆ నలుపు రింగులో 2.9 మి.మీ. అంతగా కనిపిస్తుంది. 3.2 రింగు పెడితే చుట్టూ మిగిలే తెలుపు మరీ సన్నం. ఊపు ప్రతిదీ పెద్దదిగా కనిపించి, "ఇప్పుడే, ఇప్పుడే" అని ట్రిగ్గరు గుంజేస్తావు. 4.0 నుంచి 4.4 మధ్య మొదలుపెట్టు. వెనక కంత 1.1 మి.మీ. దగ్గర బాగుంటుంది, వెలుతురు తక్కువైతే కొంచెం పెంచుకో. మూసిన కన్నును గట్టిగా బిగించకు, దాని ముందు తెల్లటి అట్టముక్క అడ్డం పెట్టి రెండు కళ్లూ తెరిచి ఉంచు.

ఛర్రాల సంగతికి వద్దాం. ఇక్కడ రెండు వేలు తెలివిగా పెడితే రైఫిల్‌లో యాభై వేలు పెట్టినంత లాభం. ముందు తల చదునుగా ఉండే మ్యాచ్ ఛర్రాలే కావాలి. అవి కాగితాన్ని పంచింగు మిషను కొట్టినట్టు గుండ్రంగా కోస్తాయి. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి, పాయింటు చదవలేవు. రైఫిల్‌కు 0.53 గ్రాముల దగ్గరి బరువువి బాగుంటాయి. తల కొలత డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. ఏ కొలత నీ బ్యారెల్‌కు నచ్చుతుందో కాల్చి చూస్తేగానీ ఎవరూ చెప్పలేరు, అమ్మేవాడు అసలే చెప్పలేడు.

ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్ 10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ లాంటివాటిలో మూడు నాలుగు డబ్బాలు వేర్వేరు బ్యాచ్‌లవి తీసుకో. బల్ల మీద ఇసుక సంచులు పేర్చి రైఫిల్ ముందు భాగం వాటి మీద ఆనించు, బ్యారెల్ మాత్రం దేనికీ తగలకూడదు. స్ప్రింగు రైఫిలైతే సంచికీ స్టాక్‌కూ మధ్య నీ అరచేయి పెట్టి వదులుగా పట్టుకో, లేకపోతే ఎగిరి పక్కకు కొడుతుంది. డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి పది లెక్కలోకి తీసుకోకు, బ్యారెల్ లోపలి పాత సీసం పొర మారాలి. తర్వాత పది షాట్ల గుంపులు మూడు కాల్చి, ఒక్కోదాని బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియర్‌తో కొలిచి 4.5 తీసెయ్. మిగిలింది 3 మి.మీ. లోపు ఉంటే ఆ బ్యాచ్ నీకు చాలు. ఐదు దాటితే నీ చేయి ఎంత బాగున్నా ఛర్రాయే నిన్ను పది బయటకు తోసేస్తుంది. గెలిచిన డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసుకుని అదే నంబరువి పది డబ్బాలు ఒకేసారి కొను. అదే పేరు, అదే కొలత అయినా నంబరు మారితే మళ్లీ పరీక్షే.

డబ్బా కింద పడితే లోపలి ఛర్రాల తోకలు నొక్కుకుంటాయి, వాటిని సాధనకు వాడుకో, పోటీకి కాదు. తేమలో మూత తీసి ఉంచితే సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అలాంటివి పారెయ్. ఒక్కో ఛర్రాను త్రాసులో తూచి వేరుచేసేవాళ్లూ ఉన్నారు. పది మీటర్లకు ఆ కష్టం దండగ.

శక్తి లెక్క తెలుసుకో, చట్టానికీ ఆటకూ రెంటికీ పనికొస్తుంది. ఛర్రా బరువు గ్రాముల్లో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకుని, వేగం వర్గాన్ని బరువుతో హెచ్చించి 2000తో భాగిస్తే జౌళ్లు వస్తాయి. 0.53 గ్రాములు 175 మీటర్ల వేగంతో పోతే 8.1 జౌళ్లు. మ్యాచ్ రైఫిళ్లు ఇక్కడే ఉంటాయి. అదే ఛర్రా 274 మీటర్ల వేగానికి, అంటే 900 అడుగులకు చేరితే 19.9. స్ప్రింగు మార్చి "పవరు పెంచిస్తాం" అనేవాళ్లు నిన్ను ఆ గీత దాటిస్తారు, దాటగానే లైసెన్సు కావాలి. కాగితానికి ఆ శక్తితో పనీ లేదు.

ఇంట్లో రేంజ్‌కు పొడవు పన్నెండున్నర మీటర్లు కావాలి. గీత నుంచి టార్గెట్‌కు పది (ఐదు సెంటీమీటర్లకు మించి తేడా ఉండకూడదు), మిగతాది నువ్వు నిలబడటానికి, టార్గెట్ వెనక ఛర్రాలను ఆపే పెట్టెకు, అంటే ట్రాపుకు. ఖాళీగా ఉన్న ధాన్యం గోదాము, రెండు మడిగెల మధ్య గోడ లేని చోటు, పాత మగ్గం షెడ్డు, ఏదైనా సరిపోతుంది. పక్క తలుపులకు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకునే వీలుండాలి. పిల్లలు ఆడుకునే వసారాలో అసలే వద్దు.

ట్రాపును వెల్డింగు దుకాణంలో 3 మి.మీ. ఇనుప రేకుతో చేయించు. ముందు మూతి 17 సెం.మీ. చదరం, లోపలి వెనక రేకు పైనుంచి కిందికి 45 డిగ్రీలు వాలి ఉండాలి, ఛర్రా తగిలి కిందికి పడాలి. నిటారు రేకు పెడితే ముక్కలు నీ మీదికే వస్తాయి. వెల్డు గుబ్బలు లోపలివైపు మిగలకుండా గ్రైండింగు చేయించు, గుబ్బకు తగిలిన ఛర్రా ఎటు పోతుందో చెప్పలేం. కింద అరలో పాత గుడ్డలు పరిస్తే చప్పుడు తగ్గుతుంది. ట్రాపు వెనక 18 మి.మీ. ప్లైవుడ్ పలక, దాని ముందు వేలాడే పాత బొంత ఒకటి, తప్పిన షాట్ల కోసం. కాల్చేవాడితోపాటు గదిలో ఉన్నవాళ్లందరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి.

టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ వెలుతురు పడాలి. మంచి ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు ఒకటి టార్గెట్‌కు మీటరు ముందు, పైన కట్టి, నీ కంటికి బల్బు కనపడకుండా రేకు అడ్డం పెట్టు. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉజ్జాయింపుకు పనికొస్తుంది. నువ్వు నిలబడే చోట కూడా మామూలు వెలుతురు ఉండాలి. చీకట్లో నిలబడి వెలుగులోకి చూస్తే కంటిపాప పెద్దదై రింగు అంచు మసకబారుతుంది.

సీసం విషం. కాల్చాక చేతులు సబ్బుతో కడగకుండా చాయ్ గ్లాసు ముట్టుకోకు. ఛర్రాలు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది, మానెయ్. ట్రాపు ముందు నేలను చీపురుతో పొడిగా ఊడవకు, తడిగుడ్డతో తుడువు.

మన పక్క ఎండ గురించి ఒక మాట. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం కాన్వాసు జాకెట్ వేసుకుని అరవై షాట్లు కొట్టడం సాధన కాదు, శిక్ష. చెమటకు జాకెట్ మెత్తబడి వీపుకు ఇచ్చే ఊతం పోతుంది. పొద్దున ఎనిమిది లోపు ముగించు, జాకెట్‌ను మడతపెట్టకుండా నీడలో హ్యాంగరుకు వేలాడదీయి. పాత జాకెట్ కొంటే సైజు చూసుకో: గుండీలు పెట్టి రైఫిల్ ఎత్తినప్పుడు భుజం దగ్గర ముడతలు పడకూడదు.

గుంపు చెడితే ఈ వరుసలో వెతుకు. మొదటి షాటే రోజూ పైన పడి తర్వాతవి బాగుంటే రెగ్యులేటరు (ప్రతి షాట్‌కు ఒకే ఒత్తిడి ఇచ్చే భాగం) నెమ్మదిగా కారుతోంది, ఆగిన సమయంలో ఒత్తిడి పెరుగుతోంది. సీలు మార్పించు. గుంపు నిలువుగా సాగితే ఊపిరి ఒకే చోట ఆపడం లేదు, లేదా గాలి తగ్గిపోయింది, గేజీ చూడు. అడ్డంగా సాగితే పాదాల అమరిక, లేదా ట్రిగ్గరును పక్కకు తోస్తున్నావు. చెల్లాచెదురుగా ఉంటే స్క్రూలు, సైటు బిగువు, బ్యారెల్ మురికి. మురికిని వెయ్యి షాట్లకోసారి ఉన్ని ఛర్రాలతో తుడిస్తే చాలు, ఇత్తడి బ్రష్షు, ఇనుప కడ్డీ వద్దు. తుడిచాక మొదటి ఇరవై ముప్పై షాట్లు అటూఇటూ పోతాయి, కంగారుపడి సైటు తిప్పకు.

సాధనలో సగానికి పైగా ఛర్రా లేకుండానే చెయ్యి. మ్యాచ్ పీసీపీలకు గాలి వదలకుండా ట్రిగ్గరు మాత్రమే పనిచేసే మీట ఉంటుంది. తెల్ల గోడ వైపు గురిపెట్టి రోజూ ఇరవై నిమిషాలు వదులు, రింగు కదిలిందా లేదా అన్నది మాత్రమే చూడు. స్ప్రింగు రైఫిల్‌ను మాత్రం ఖాళీగా పేల్చకూడదు. ఛర్రా అడ్డం లేకపోతే పిస్టన్‌కు గాలి దిండు దొరకదు, నేరుగా వెళ్లి ఇనుముకు కొట్టుకుంటుంది.

పోటీలకు పోవాలంటే తెలంగాణ రైఫిల్ అసోసియేషన్ ద్వారా నమోదు చేయించుకో. నెలకోసారైనా గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న రేంజ్‌కు వెళ్లి కాల్చు, ఇంటి గోదాములో వచ్చే పాయింట్లకూ అక్కడ పదిమంది పక్కన నిలబడి కొట్టే పాయింట్లకూ తేడా తెలుస్తుంది. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్ల అటూఇటే. బస్సులో రైఫిల్ గట్టి కేసులో, ఛర్రాలు వేరే సంచిలో, బిల్లు జిరాక్సు జేబులో. అమ్రాబాద్ పులుల అడవి వైపు, నాగార్జునసాగర్ అడవి దారుల్లో దీన్ని వెంట తీసుకుపోకు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, చెలకలో నెమలి మీద గురిపెట్టడం అంతకంటే పెద్దది. రేంజ్‌లో గీత దగ్గర రైఫిల్ కింద పెట్టిన ప్రతిసారీ బ్యారెల్ గుండా రంగు తాడు దూర్చి రెండు చివరలూ బయటకు కనపడేలా ఉంచు. ఇంట్లో ఒక్కడివే ఉన్నా సరే, అదే చెయ్.